పొగాకు మరకల పుస్తకాలు: కొండపి వైపు ఒక పల్లెలో పిల్లల చదువు, రాత

పల్లె పిల్లలకు సాయంత్రాలు చదువు, రాత నేర్పే మా కేంద్రంలో ఏ పుస్తకాన్ని వాళ్లు నిజంగా చదివారో తెలుసుకోవాలంటే నేను రిజిస్టరు తెరవను. పుస్తకం తీసి పేజీల కుడివైపు కింది మూల చూస్తాను. అక్కడ నల్లగా బొటనవేలి ముద్ర ఉంటే చదివినట్టు. ముద్రలు పన్నెండో పేజీ దాకా వచ్చి ఆగిపోతే, పదమూడో పేజీలో విసుగు పుట్టినట్టు. అది పొగాకు జిగురు. పచ్చాకు కోసినా, కర్రలకు అల్లినా చేతికి పట్టుకుని నల్లబడుతుంది, ఒక పట్టాన సబ్బుకు పోదు. మొదటి ఏడు ఈ మరకలు చూసి పిల్లల్ని కోప్పడ్డాను. ఇప్పుడు నా లెక్కలన్నీ వాటితోనే.

ఊరు ప్రకాశం జిల్లాలో కొండపి వైపు. పేరు రాయడం లేదు, ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. కరోనాకు మూసిన బడులు మళ్లీ తెరిచిన ఏడు కేంద్రం మొదలుపెట్టాం. చేసిన పనుల్లో దాదాపు సగం తప్పాయి. ఇలాంటిది ఇంకో ఊళ్లో పెట్టాలనుకునేవాళ్లకు ఆ సగమే ఎక్కువ పనికొస్తుందని దాన్నే వివరంగా రాస్తున్నాను.

హాలు, బీరువాలు, తాళంచెవి

కొండపి, టంగుటూరు, కందుకూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు ఎంతగా నాటుకుపోయిందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. అక్టోబరు, నవంబరుల్లో నాట్లు. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలవుతాయి. ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్ అనే వేడి గదికెక్కించి కాలుస్తారు, అంటే వేడికి ఆరబెడతారు. ఆ తర్వాత మండెలు (ఆకు కుప్పలు), గ్రేడింగు (రంగు వారీగా వేరుచేయడం), బేళ్లు (పెద్ద కట్టలు), పొగాకు బోర్డు వేలం కేంద్రం. వేసవి దాకా ఊళ్లో ఖాళీగా ఉండే చెయ్యి కనపడదు. బడి క్యాలెండరు జూన్‌లో మొదలైతే ఈ ఊరి క్యాలెండరు నాట్లతో మొదలవుతుంది. మా కేంద్రం మొదట్లో బడి క్యాలెండరు పట్టుకుని నడిచింది. అది మొదటి తప్పు.

కాలనీలో ఎప్పుడో కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్లిళ్లకు, అప్పుడప్పుడు మీటింగులకు తప్ప తెరవరు. పంచాయతీ వాళ్లు తాళం ఇచ్చారు. ఒక దాత రెండు ఇనప బీరువాలు కొనిచ్చాడు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పోయి, రెండు రోజులు కాళ్లు లాగేలా తిరిగి నాలుగు వందల చిల్లర పుస్తకాలు ఏరుకొచ్చాను. మంచి బొమ్మలు, మంచి కాగితం. నేను చిన్నప్పుడు చదవలేకపోయినవన్నీ కొన్నానని ఇప్పుడు తెలుస్తోంది.

అంత కష్టపడి తెచ్చిన పుస్తకాలు పాడవుతాయని బీరువాలకు తాళం వేశాను. తాళంచెవి నా బొడ్డునే ఉండేది. పుస్తకం కావాలంటే అడగాలి, పేరు రాయించుకోవాలి, చేతులు చూపించాలి. గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లకు రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలు నోటికి వస్తాయి. వాటిలో మొదటిది, పుస్తకాలు వాడుకోవడానికి అని. నాకూ నోటికి వస్తుంది. అయినా మూడు నెలలు పిల్లలు క్యారమ్ బోర్డు కోసమే వచ్చారు, బీరువా అద్దంలో మొహం చూసుకుని తల దువ్వుకుని పోయారు.

ఊరికి గ్రంథాలయం బొత్తిగా లేదని కూడా కాదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మా ఊళ్లో పెంకుటిల్లున్న ముసలమ్మ కూడా కట్టేదే అది. మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంది. బడి వదిలాక అక్కడికి పోయి, చీకటి పడేలోగా తిరిగి రావడానికి ఆడపిల్లలకు బస్సు లేదు, అంతే. ఊళ్లోనే పుస్తక నిక్షిప్త కేంద్రం, అంటే గ్రంథాలయం పుస్తకాలు కొన్ని ఉంచే చోటు, ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాం. ఒక కార్యాలయంలో అది రెండుసార్లు కనపడకుండా పోయింది. మూడోసారి రసీదు తీసుకున్నాను. ఆ కథ ఇక్కడితో ఆపుతాను, లేకపోతే వ్యాసమంతా అదే అవుతుంది.

రాత్రిబడిలో తెలిసి, తర్వాత మరిచిపోయింది

నాకు ఈ పని కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరుని. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన సంగతి అందరికీ తెలుసు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు దేశమంతా వినపడింది. అక్కణ్ణుంచి ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. ఆ రాత్రిబళ్లలో చదివిన వాచకాల్లో సారా మీద పాఠం ఉండటం ఆ కథకు ఒక మొదలు.

మా రాత్రిబడిలో ఒకావిడ ఉండేది, నలభై దాటినామె. వాచకంలో ‘పలక’, ‘అల’ లాంటి మాటలు చదవమంటే ఆవలించేది. ఒకరోజు ‘సారా’ అనే మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. వేలు తియ్యలేదు. “ఇది మా ఇంట్లోదేగా” అంది. ఆ రాత్రి లాంతరులో కిరసనాయిలు అయిపోయేదాకా కూర్చుంది.

ముప్ఫై ఏళ్ల తర్వాత అదే నేను, పొగాకు ఊరి పిల్లలకు అడవిలో సింహం, రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చి బీరువాలో పెట్టి, చదవరేమని బాధపడ్డాను. సింహం మీద నాకేం కోపం లేదు. మనకు సంబంధించిన మాట కాగితం మీద ఉంటుందని ఒకసారి కంటపడితే గాని, సంబంధం లేని మాటల జోలికి పోయే ఓపిక రాదు. మా పిల్లల్లో చాలామంది బడిలో అప్పటికే అలిసిపోయి ఉన్నారు. 2020 నుంచి వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండూ వచ్చేవాళ్లకు అది బాగుంటుంది. మా దగ్గర కొందరు ఎదురు పేజీని చూసి భయపడి ఈ పేజీ కూడా వదిలేశారు.

అందుకని వరస మార్చాం. ముందు రాత, చదువు తర్వాత.

పలకెడు కథ

నోటు పుస్తకం ఇచ్చి రాయమంటే ఏమైందో చెప్తాను. ఎర్ర పెన్నుతో మార్జిన్ కొట్టారు, తారీఖు వేశారు, కింద రెండు గీతలు గీశారు. ఆ తర్వాత “ఏం రాయాల టీచరమ్మా?” నీకిష్టమైంది రాయి అంటే ‘మా పాఠశాల’ అని మొదలుపెట్టారు. మా పాఠశాల చాలా పెద్దది, చుట్టూ పచ్చని చెట్లు, అందమైన పూలతోట. ఆ బడి ఆవరణలో ఉన్నదల్లా ఒక్క వేపచెట్టు. దాని కొమ్మ కూడా కరెంటోళ్లు కొట్టేశారు. ఎవరిదో గైడు పుస్తకం నుంచి ఎన్ని తరాలుగా దిగివస్తోందో ఆ పూలతోట!

ఒక పెళ్లికి మార్కాపురం పోయినప్పుడు దారి దొరికింది. ఒకప్పుడు దేశంలో ఎన్నో బళ్లకు రాతి పలకలు పోయింది అక్కణ్ణుంచే. ఇప్పుడు గిరాకీ పడిపోయింది. రెండు డజన్లు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లలకు పలకలేంటని నవ్వారు. నియమం ఒక్కటే: ఈ రోజు కంటితో చూసింది రాయాలి. పలక నిండగానే ఆపేయాలి.

పలకలో రెండు సుగుణాలున్నాయి. చెరిపేయొచ్చు కాబట్టి భయం ఉండదు. అయిదారు పంక్తులకే నిండుతుంది కాబట్టి పూలతోటకు చోటుండదు. మొదటి వారంలో వచ్చిన ఒక పలక ఇది, రాసిందాన్ని రాసినట్టే ఇస్తున్నాను:

“మా మేక ఈనింది. మూడు. ఒకటి చచ్చింది. మా అవ్వ దాన్ని గుడ్డలో చుట్టి పొయ్యి కాడ పెట్టింది బతుకుద్దని. బతకలా. అవ్వ బువ్వ తినలా.”

ఆరో తరగతి పిల్ల. చదివి వినిపించాక ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒకడు “ఏ మేక, ఆ తెల్లదా?” అన్నాడు. ఆ ప్రశ్న నాకు చప్పట్లకన్నా బాగా నచ్చింది.

సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. ముందు పలక, తర్వాత వినిపించడం. పలక మీది మాట చెరిగిపోక ముందే నచ్చినవాటిని కాగితం మీదికి ఎక్కించడం. అదీ మా గోడపత్రిక.

అవ్వ చెప్పిన తీర్పు

బ్యారన్ తగలబడటం ఈ వైపు ఏడాదికోసారైనా వినే వార్తే. వేడి గొట్టం మీద ఎండిన ఆకు ఒకటి రాలితే చాలు. ఒక రాత్రి ఊరి పక్కన ఒక బ్యారన్ అంటుకుంది. మంట చూసుకునే పనిలో ఉన్నది మా ఎనిమిదో తరగతి కుర్రాడి నాయన. మనిషికేం కాలేదు, ఆకంతా పోయింది. మూడో రోజు ఆ కుర్రాడు రెండు పలకలు అడిగాడు.

నేను చేసిన పని చూడండి. వాడు రాసింది నాకెంత నచ్చిందంటే, అందంగా ఉండాలని నేనే చార్టు మీద మంచి దస్తూరితో ఎక్కించాను. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ‘ఏడ్చలా’ అన్నచోట ‘ఏడవలేదు’ చేశాను. ‘బీడీ గూడా ఎలిగిచ్చుకోలా’ అన్నదాన్ని ‘బీడీ కూడా వెలిగించుకోలేదు’ చేశాను. ‘మా నాయన’ కాస్తా ‘మా నాన్నగారు’ అయ్యాడు. గోడకు అంటించాం. వాడు చూశాడు, ఏమీ అనలేదు. వాళ్ల అవ్వ వచ్చింది. చదువు రాదు, మనవరాలి చేత చదివించుకుంది. మొత్తం విని అంది: “ఇది మావోడి మాటగా లేదే అమ్మాయ్. పేపరోళ్ల మాట మాదిరుండాది.”

అంతకు కొన్ని నెలల కిందటే ఆగస్టు 29న తెలుగు భాషా దినం అని గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ వేయించి, వాడుక భాష కోసం ఆయన పడ్డ పాట్లు పిల్లలకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. సిగ్గుపడాల్సిన సందర్భాలు నా ఉద్యోగంలో కొన్ని ఉన్నాయి, ఇది ఒకటి.

చార్టు చింపేసి, వాడి చేతే మళ్లీ రాయించాం. అప్పటి నుంచి పద్ధతి ఇది: ఒత్తులు, గుణింతాలు తప్పితే రాసినవాళ్లే గట్టిగా చదివి పట్టుకోవాలి. నోటితో పలికిందీ కాగితం మీదున్నదీ తేడాగా ఉంటే వాళ్లకే తెలిసిపోతుంది. మాట మార్చే హక్కు నాకు లేదు. ‘బ్యారన్’ను ఎలా రాయాలో తేలక ముగ్గురు మూడు రకాలుగా రాస్తే, చేతులెత్తించి తేల్చారు. ‘బేరను’ ఓడిపోయింది గాని ఇప్పటికీ ఒకడు అలాగే రాస్తాడు. రాయనీ.

ఇంకో సంగతి నా తెలివి కాదు, అదృష్టం. మొదట గోడపత్రికను హాలు లోపల అంటించాం. రాసినవాళ్లే చదువుకున్నారు. వానకు లోపలి గోడ చెమ్మెక్కి కాగితం ఊడిపోతుంటే బయటి గోడకు మార్చాం. ఆ గోడ ఎదురుగా పాలకేంద్రం. పొద్దున ఆరింటికి, సాయంత్రం మళ్లీ, క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉంటారు, కళ్లకు వేరే పని ఉండదు. చదువొచ్చినవాళ్లు చదివారు. రానివాళ్లు పక్కవాళ్లను “ఏందిరా అది, పైకి చదువు” అన్నారు. రెండు వారాలకు మేక పిల్ల తాలూకు అమ్మాయిని పాలు పోసే ఆవిడ ఆపి, మిగిలిన రెండు పిల్లలెట్టున్నాయని అడిగింది. తన రాత మీద బయటి మనిషి ప్రశ్న వేయడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

బీరువా దగ్గరికి రావడం దీని తర్వాతే మొదలైంది. బ్యారన్ కుర్రాడు వచ్చి “నిప్పు గురించి రాసినోళ్లు ఇంకా ఎవరన్నా ఉండారా?” అని అడిగాడు. నేను తాళం తీసి వెతికి ఇస్తుంటే “మీరు వెతకబళ్లా, నేను చూసుకుంటా” అన్నాడు. ఆ రోజు తీసిన తాళం మళ్లీ వేయలేదు. ఇప్పుడది ఎక్కడుందో కూడా తెలియదు.

షెడ్డులో చదువు

మొదటి సీజనులో సంక్రాంతి దాటగానే హాలు ఖాళీ అయింది. వచ్చే అరాకొరా పిల్లల చేతులు నల్లగా ఉంటున్నాయని గుమ్మం దగ్గర బకెట్టు, సబ్బు పెట్టించాను. కడిగినా పోని మరకకు నేను పెట్టిన పరీక్ష అది. నాలుగు రోజులకు ఆ అరాకొరా కూడా ఆగారు.

రెండో సీజనులో మా పిల్లల్లో పెద్దది, ఇంటర్ చదివేది, ఒక మాట అడిగింది. ఆదివారాలు వాళ్లమ్మతో ఒక రైతు గ్రేడింగు షెడ్డుకు పోతోంది. “అక్కడ పొద్దస్తమానం సెల్లులో పాటలే టీచరమ్మా. నేను పుస్తకం తీసుకుపోయి చదవనా?” రైతు ఒప్పుకున్నాడు. ఆకు చూసి రంగు వారీగా వేరుచేసే పనిలో కళ్లు, చేతులు కావాలి గాని చెవులక్కర్లేదు. చిక్కంతా దాని కూలిది. చదువుతూ కూర్చుంటే దాని కుప్ప తరగదు. పక్కనున్న ఆడవాళ్లే తేల్చేశారు: “దాని వాటా మేం చూస్తాంలే. అది చదవనీ.”

నేను తీసుకుపొమ్మన్న కథల్లో మొదటిది రాజుగారిది. అయిదు నిమిషాలు విని ఒకావిడ అడిగిందట, “ఆ రాజుకి పనీపాటా ఏం లేదా?” ఆ పుస్తకం మళ్లీ షెడ్డుకు పోలేదు. వాళ్లు అడిగి మరీ చదివించుకున్నవి రెండు: పేపర్లో జిల్లా పేజీ, మా పాత గోడపత్రికలు. పెద్ద కథల్లో ఆడమనిషి కష్టం ఉన్నవాటిని వారం వారం తరవాయి పెట్టి చదివింది. మధ్యలో ఆపితే “తర్వాతేమయింది చెప్పి పో” అని చీర కొంగు పట్టుకుని లాగేవాళ్లట. తరవాతేమయిందో ముందే తెలుసుకోవాలని ఇంట్లో రాత్రి తను మిగతాది చదివేసేది. ఆ ఏడు దాని పుస్తకాల్లో చివరి పేజీ దాకా మరకలున్నాయి.

క్యూబాలో చుట్టల కర్మాగారాల్లో 1865 నుంచే ఇలా చదివి వినిపించేవాళ్లు ఉండేవాళ్లని తర్వాత తెలిసింది. కార్మికులే తలా కాస్త వేసుకుని ఆ చదివేవాడికి జీతం ఇచ్చేవాళ్లట. పొగాకుకూ చదువుకూ అంత దూరాన ఉన్న చుట్టరికం మా షెడ్డుదాకా వచ్చిందని మా పెద్దపిల్లకు చెబితే, “వాళ్లకి జీతమిచ్చారా!” అని అదొక్కటే పట్టుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. షెడ్డులో చదువు అంటే పిల్లల్ని పనిలో పెట్టడానికి మేం ఒప్పుకున్నట్టు కాకూడదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని చట్టం. 2016 సవరణలో బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయం చేయడాన్ని మినహాయించారు. ఊళ్లో జరిగేదంతా ఆ మినహాయింపు కిందికే వస్తుందని అందరూ చెప్తారు. తడిగా ఉన్న పచ్చాకు పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిప్పడం, వాంతులు వస్తాయి. హాలుకొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డ పిల్లల్ని చూశాను. చిన్నవాళ్లెవరినీ మేం షెడ్డుకు పంపలేదు. వాళ్లకోసం సీజనులో హాలు వేళలు మార్చి, రాత్రి ఏడున్నరకు పెట్టాం. బకెట్టు అలాగే ఉంది గాని, చేతులు చూపించమనడం లేదు.

దించేసిన కాగితం

ఇది రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి, మాటకారి. మూడో ఏడు వేసవిలో గ్రేడింగు మీద ఒక పలక రాసింది. ఇది ఆ పలకే:

“మా అమ్మ ఏడింటికి పోద్ది. మగోళ్లూ ఏడింటికే వస్తారు. మగోళ్లకి కూలి ఎక్కవ. ఎందుకంటే వాళ్లు బేళ్లు మోస్తారంట. మా అమ్మ మోసిన బేలు ఎవురూ లెక్క పెట్టలా.”

పలక మీద చదివినప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గోడకెక్కింది. మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర గుంపు. సాయంత్రానికి ఆ షెడ్డు రైతు హాలుకొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా హాలుకు ట్యూబులైట్లు వేయించిందీ, పెద్దపిల్లను షెడ్డులో చదవనిచ్చిందీ ఆయనే. అరవలేదు, కుర్చీలో కూడా కూర్చోలేదు. “పిలకాయల చేత ఇట్టాంటివి రాపిచ్చమాక టీచరమ్మా. రేపు నలుగురూ నాలుగు మాటలంటారు” అన్నాడు, అంతే.

ఆయన పోయిన పది నిమిషాలకు నేనే గోడ దగ్గరికి పోయి కాగితం దించేశాను. చింపలేదు, ఫైల్లో పెట్టాను. పిల్లను పిలిచి, నువ్వు రాసింది తప్పని కాదమ్మా, కేంద్రం నడవాలి కదా అని సర్దిచెప్పాను. తలూపింది. మర్నాటి నుంచి రాలేదు. ఇంటికి పోతే “టీచరమ్మకి చెప్పు, చదువుకుంటున్నా అని” అని తమ్ముడి చేత చెప్పించింది.

ఆ తర్వాత నాలుగు నెలల గోడపత్రికలు తీసి చూస్తే నా తప్పు ఎంతదో తెలుస్తుంది. వాన పడింది. మేక ఈనింది. తిరనాళ్లకు పోయాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు, అయినా పదిహేను మంది పిల్లలకు ఏది రాయకూడదో ఒక్క రాత్రిలో అర్థమైపోయింది. పూలతోటలు మళ్లీ మొలిచాయి.

ఇప్పుడు ఒక నియమం పెట్టాం. గోడ మీదికెక్కిన కాగితాన్ని రాసినవాళ్లు తప్ప ఇంకెవరూ దించకూడదు, నేను కూడా. అభ్యంతరం ఉన్నవాళ్లు జవాబు రాసిస్తే పక్కనే అంటిస్తాం. ఇప్పటిదాకా ఒక్క జవాబే వచ్చింది. చెరువులో చేపల వేలంపాట గురించి ఒకడు రాస్తే ఒక వార్డు మెంబరు సంజాయిషీ రాసిచ్చాడు. పాపం, ఆయన గుణింతాలు పిలకాయలే దిద్దించారు, వాళ్ల పద్ధతిలోనే, గట్టిగా చదివించి.

వేటపాలెం, బైండింగు

ఒంగోలు పోయి, అక్కణ్ణుంచి ప్యాసింజరు రైల్లో వేటపాలెం తీసుకుపోయాను పిల్లల్ని. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. ఇప్పటి భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది గాంధీ. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. మా ప్రకాశం జిల్లాది అని చెప్పుకునేవాళ్లం, 2022లో జిల్లాలు మార్చాక బాపట్లకు పోయింది. పిల్లలకు చేతికర్ర కన్నా పాత పత్రికల బైండ్లు నచ్చాయి. ఏళ్లకేళ్ల కాగితాలు కుట్టి, అట్ట వేసి, వరసగా పెట్టి ఉన్నాయి. “వీటిని ఎవరు చదువుతారు సార్?” అని అడిగితే అక్కడాయన “అడిగి వచ్చేవాళ్లు ఉంటారమ్మా” అన్నాడు.

తిరుగు రైల్లో బ్యారన్ కుర్రాడు, ఇప్పుడు పదో తరగతి, “మన గోడవి గూడా ఇట్టా కుట్టిద్దామా?” అన్నాడు. నేను వాటిని చుట్టచుట్టి బీరువా మీద పడేసేదాన్ని. కొన్నిటిని చెదలు తిన్నాయి. ఉన్నవి ఏరి, ఒంగోల్లో బైండింగు చేసేవాళ్లకు ఇచ్చాం. చార్టులు పెద్దవి కాబట్టి మడతపెట్టి కుట్టాల్సి వచ్చింది, రెండు బైండ్లయ్యాయి, ఒక్కొక్కటి దిండులా తయారైంది. ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఇప్పుడు మా కేంద్రంలో నిలకడగా బయటే ఉండే పుస్తకాలు ఆ రెండు బైండ్లే. మరకలు అన్నిటికన్నా వాటికే ఎక్కువ, వాటిలో పెద్దవాళ్ల బొటనవేళ్లూ ఉన్నాయి.

ఖర్చుల సంగతి. బీరువాలు, ఖరీదైన బొమ్మల పుస్తకాలు మళ్లీ మొదలుపెడితే కొనను. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి లాంటి పలచటి, చవకరకం పుస్తకాలు ఎక్కువ ప్రతులు కొంటాను, పోయినా బాధ ఉండదు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు, వాటిని షెడ్డుకు పంపడం తేలిక. పలకలు పగులుతాయి, ఏడాదికి డజను కొనాల్సిందే. పుస్తకాలు పోతున్నాయని దాతలు అడిగితే, పోయినవి ఊళ్లోనే ఉన్నాయని చెప్తాను. ఒకటి పెళ్లివారింట్లో అటక మీద కనపడింది, ఇంకొకటి బ్యారన్ కాపలా గుడిసెలో.

చేతకానిది కూడా రాస్తాను. తొమ్మిదో తరగతి దాటిన మగపిల్లలు జారిపోతున్నారు. చేతికి ఫోను రాగానే హాలు దారి మరిచిపోతున్నారు. వాళ్లకోసం ఫోనులో గొంతు రికార్డు చేసే పని పెట్టి చూశాం, రెండు నెలలు నడిచి ఆగిపోయింది. రాసేవాళ్లలో ఇప్పుడు నలుగురికి ముగ్గురు ఆడపిల్లలే. దీనికి నా దగ్గర మందు లేదు.

పోయిన జూన్‌లో మూడో బైండుకు కాగితాలు వరస పెడుతుంటే ఫైల్లోంచి ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కాగితం బయటపడింది. ఆ పిల్ల ఇప్పుడు ఒంగోల్లో ఇంటర్ చదువుతోంది. వాళ్లమ్మ ద్వారా అడిగించాను, పెట్టమంటావా అని. “పేరుతో పెట్టమను” అని కబురొచ్చింది. దాని తారీఖు ప్రకారం దాని చోట పెట్టి బైండింగుకు ఇచ్చాను.

రైతు ఇంకా చూడలేదు. పోయిన వారం వాళ్ల మనవడు, అయిదో తరగతి వాడు, ఆ మూడో బైండు రెండు చేతులతో ఎత్తుకుని ఇంటికి పట్టుకుపోయాడు. రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాను.